పాత కంప్యూటర్‌ని థిన్ క్లయింట్ చేసి ఆర్నెల్లు వాడాక నా మాట

ఆఖరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళకి ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఒక గట్టి కంప్యూటర్ ఉండి, దాని దగ్గర్నుంచి పాతదాని దగ్గరికి మంచి వైరు లాగగలిగితే ఈ పని, అంటే పాతదాన్ని ఆ గట్టిదానికి ఇంకో తెరా కీబోర్డూ లాగా వాడుకోవడం, చెయ్యండి. వైఫై మీద నడిపిద్దాం అనుకుంటే మాత్రం పాతదాన్ని సామాన్లవాడికి ఇచ్చేసి ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ మిరపకాయ బజ్జీలు తినండి, అదే లాభం.

మాది విజయనగరం. కింద అమ్మానాన్న, పైన గదిలో నేను. కింద హాల్లో మూలన ఉన్నది 2009లో కొన్న డెస్క్‌టాప్: ఇంటెల్ పెంటియం డ్యూయల్ కోర్ ఈ5200, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 160 జీబీ హార్డ్‌డిస్కు, 17 అంగుళాల చదరపు మానిటర్. అందులో ఉన్నది విండోస్ 7. మైక్రోసాఫ్ట్ దాన్ని 2020 జనవరి 14న వదిలేసింది, ఆ తర్వాత వచ్చిన 10ని కూడా 2025 అక్టోబర్ 14న వదిలేసింది, ఇక 11 అంటారా, ఈ చిప్పుని కంపెనీ గడప కూడా తొక్కనివ్వదు. దానికి తోడు హార్డ్‌డిస్కు లోపల్నుంచి బల్లి అరిచినట్టు టిక్ టిక్ మని చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

అమ్మ రోజూ ఊడ్చేటప్పుడు ఒకటే పాట. "ఆ డబ్బా ఇంకెన్నాళ్ళుంచుతావేటి, సామాన్లోడొస్తే ఇచ్చీరా." సామాన్లోడు వచ్చాడు కూడా, మానిటర్‌తో కలిపి 400 ఇస్తానన్నాడు. అడ్డుపడ్డది నాన్నే. ఆయన రిటైర్డ్ టీచరు. ఆ కీబోర్డు మీద ఒక్కో మీటకీ తెలుగక్షరాల స్టిక్కర్లు స్వయంగా అంటించుకున్నారు, వాటిలో సగం అరిగి తెల్లబడిపోయినా ఆయన వేళ్ళకి మాత్రం ఏది ఎక్కడుందో తెలుసు. లాప్‌టాప్ కొనిస్తానంటే "ఆ చిన్న మీటలు నా వల్ల కాదురా" అన్నారు. సరే, పెట్టె అదే, కీబోర్డు అదే, లోపలి సంగతి నేను చూసుకుంటాను అని మొదలుపెట్టాను.

థిన్ క్లయింట్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. కింద పెట్టె చేసే పని రెండే: మనం నొక్కిన మీటలూ కదిపిన మౌసూ పైకి పంపడం, పైనుంచి వచ్చిన బొమ్మ తెర మీద వెయ్యడం. బ్రౌజరు తెరుచుకునేది పైన, ఫైలు సేవ్ అయ్యేది పైన, వేడెక్కేది కూడా పైనే. నా గదిలో ఉన్నది రైజెన్ 5 5600జీ, 16 జీబీ ర్యామ్, ఆఫీసు పని అయ్యాక అది రోజులో చాలాసేపు ఊరికే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది. ఆ ఖాళీ సమయాన్ని కింద నాన్నకి ఇవ్వాలన్నది ఆలోచన.

మొదట విండోస్‌తోనే అయిపోతుందనుకున్నాను. పైన ఉన్నది విండోస్ 11 హోమ్. హోమ్ ఎడిషన్‌లోకి బయటి మెషీను నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్ళలేం, ప్రో ఉండాలి. పోనీ ప్రో కొందామా అంటే అందులోనూ ఒకసారికి ఒక్కరే, కింద నాన్న లాగిన్ అయితే పైన నా తెర లాక్ అయిపోతుంది. ఒక సింహాసనం, ఇద్దరు రాజులు. ఆ రోజే విండోస్‌ని ఒక చిన్న పార్టిషన్‌లోకి తోసేసి డెబియన్ 12 అనే లైనక్స్ వేశాను, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో. లైనక్స్‌లో ఈ గొడవ లేదు, ఎంతమంది యూజర్లుంటే అంతమందికి విడివిడిగా డెస్క్‌టాప్ ఇస్తుంది, ర్యామ్ చాలినంతవరకూ.

కింద డిస్కు ఎలాగూ పోయేదే కదా, అసలు డిస్కే లేకుండా నెట్‌వర్క్ మీదనుంచి బూట్ చేద్దామని ఎల్‌టీఎస్‌పీ పెట్టాను. లైనక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్ అని పూర్తి పేరు, జిమ్ మెక్‌క్విలన్ అనే ఆయన మొదలుపెట్టాడు, పాతికేళ్ళు దాటిన సాఫ్ట్‌వేర్, 2019లో మొత్తం తిరగరాశారు. ఉచితం. డాక్యుమెంటేషన్ చక్కగా ఉంది, ఒక పేజీ ముందు పెట్టుకుని వరసగా అరడజను కమాండ్లు కొడితే సర్వర్ తయారు. నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే, పైన మెషీన్‌లో వేసుకున్న డెబియన్‌నే యథాతథంగా ఒక ఇమేజిగా మూట కట్టేసి కింద మెషీనుకి వడ్డిస్తుంది, క్లయింటు కోసం వేరే సిస్టమ్ తయారుచేసే బాధ లేదు.

కింద బయోస్‌లోకి (పవర్ నొక్కగానే తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్ళి, నెట్‌వర్క్ మీదనుంచి బూట్ అవడానికి లాన్ బూట్ రోమ్ అని ఉన్నదాన్ని ఆన్ చేశాను. హార్డ్‌డిస్కు తీగలు పీకేశాను. పవర్ నొక్కాను. నల్ల తెర మీద మాక్ అడ్రసు వచ్చింది, డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో అడ్రసు అడిగే పద్ధతి) అని వచ్చి పక్కన చుక్కలు ఒక్కొక్కటీ పేరుస్తూ పోయింది, పోయి పోయి పీఎక్స్‌ఈ-ఈ53 అని ఎర్రర్ కొట్టింది. బూట్ ఫైలు పేరు అందలేదు అని దాని అర్థం. అంటే ఐపీ అడ్రసు ఇచ్చేవాడు ఇచ్చాడు, ఆ తర్వాత ఏ గుమ్మానికి వెళ్ళాలో చెప్పేవాడు లేడు. ఐపీ ఇచ్చేది ఇంటర్నెట్ కంపెనీవాళ్ళు తగిలించిన రౌటర్, దాన్లో ఆ వివరం పెట్టే వీలే లేదు, లాగిన్ పాస్‌వర్డ్ కూడా వాళ్ళ దగ్గరే. చాలామంది ఇక్కడే మానేస్తారు. మానక్కర్లేదు. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాముకి ప్రాక్సీ డీహెచ్‌సీపీ అని ఒక పద్ధతి ఉంది: రౌటర్ పని రౌటర్‌ని చేసుకోనిచ్చి, పక్కనుంచి "బూట్ ఫైలు కావాలా, నా దగ్గరుంది రా" అని పిలుస్తుంది. ఎల్‌టీఎస్‌పీ దాన్ని మామూలుగానే అలా అమరుస్తుంది. మరి నాకెందుకు రాలేదూ అంటే, మా మెషీన్లో ఫైర్‌వాల్ నేనే ఎప్పుడో బిగించి మర్చిపోయాను. యూడీపీ 67, 69, 4011 పోర్టులు, అంటే ఫైర్‌వాల్లో తలుపులు, తెరిచాక చుక్కలు ఆగిపోయి కెర్నల్ దిగడం మొదలైంది. నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ కోసం ఇంకో పోర్టు 2049, అది కూడా తెరవాలి, లేకపోతే సగం దారిలో నిలబడిపోతుంది.

డిస్కు లేని పెట్టెలో లాగిన్ తెర కనబడేసరికి, నిజం చెప్తున్నా, చిన్నపిల్లాడిలా అమ్మని వంటింట్లోంచి పిలిచాను. అమ్మ వచ్చి చూసి "ముందునుంచీ ఇలాగే ఉంది కదేటి" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న మళ్ళీ పాత కథ. బూట్ డిస్క్ లేదు అంటోంది. బయోస్‌లోకి వెళ్తే నేను మార్చినవన్నీ పోయి, తేదీ 2009 జనవరి ఒకటి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయింది, రాత్రి ప్లగ్గు తీసేసిన ప్రతిసారీ సెట్టింగులు మర్చిపోతోంది. పదేళ్ళు దాటిన ఏ పెట్టెకైనా ముందు ఈ బ్యాటరీ మార్చండి, తర్వాతే మిగతా పని. 40 రూపాయలకి వచ్చింది, గంటస్తంభం వైపు వెళ్తే వాచీలు బాగుచేసేవాళ్ళ దగ్గర కూడా దొరుకుతుంది.

ఇప్పుడు అసలు పితలాటకం. ఎల్‌టీఎస్‌పీ బూట్ అయింది, డెస్క్‌టాప్ వచ్చింది, నాన్న ఫైర్‌ఫాక్స్ తెరిచి మూడో ట్యాబ్ నొక్కేసరికి మౌసు గడ్డకట్టేసింది. ఎందుకంటే ఇప్పటి ఎల్‌టీఎస్‌పీలో బూట్ అయ్యేది నెట్‌వర్క్ మీదనుంచే గానీ ప్రోగ్రాములు నడిచేది మాత్రం కింది పెట్టె చిప్పు మీద, దాని 2 జీబీ ర్యామ్ మీద. మన డిస్కు వాడదంతే, మిగతా చాకిరీ అంతా దానిదే. దీన్ని థిన్ అనడానికి లేదు, ఇది లావు క్లయింటే, కాకపోతే కడుపులో డిస్కు లేదు. పాత వెర్షన్ల గురించి రాసిన వ్యాసాలు చదివి "సర్వరే అంతా చూసుకుంటుంది" అనుకుని దిగినవాళ్ళు తప్పకుండా ఇక్కడ బోల్తా పడతారు, నేను పడ్డాను. స్కూల్లో నాలుగైదేళ్ళ కిందటి మెషీన్లు ఇరవై ఉంటే ఈ పద్ధతి బంగారం, అన్నిటి బరువూ ఒక్క సర్వర్ మీద పడదు. నాలాంటి వాడికి 2009 నాటి పెట్టె మీద పడితే ఇసకలో సైకిలు తొక్కినట్టే.

అందుకని రెండూ కలిపాను. ఎల్‌టీఎస్‌పీతో బూట్ మాత్రమే చేయించి, డెస్క్‌టాప్ రాకుండానే ఫ్రీఆర్‌డీపీ అనే ప్రోగ్రాము నిండు తెరగా తెరుచుకుని నేరుగా పైన సర్వర్లోని ఎక్స్‌ఆర్‌డీపీకి తగులుకునేట్టు పెట్టాను. ఎక్స్‌ఆర్‌డీపీ అంటే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ భాషనే లైనక్స్‌లో మాట్లాడే సర్వర్. ఇప్పుడు నాన్న పవర్ నొక్కుతారు, వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి, ముప్పావు నిమిషం పైన పడుతుంది, పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది, కొట్టగానే ఆయన డెస్క్‌టాప్. ఆరు ట్యాబులు తెరిచినా కింద పెట్టెకి పట్టదు. పైన చూస్తే నాన్న సెషన్ మొత్తం రెండు జీబీ లోపే తింటోంది, నాకు నా పన్లో తేడా తెలియట్లేదు.

ఒక్క హెచ్చరిక. ఎక్స్‌ఆర్‌డీపీ వాడేది 3389 పోర్టు. ఇంట్లో వాడుకోండి, రౌటర్లో దాన్ని బయటి ప్రపంచానికి మాత్రం తెరవకండి. ఊళ్ళో దొంగలందరికీ తెలిసిన తలుపు అది.

వైరు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే నా ఆర్నెల్ల అనుభవంలో సగం కోపం దాని మీదే. పైనుంచి కిందకి సుమారు 18 మీటర్లు. ఊళ్ళో ఒక షాపులో క్యాట్ 6 అని అడిగితే డబ్బాలోంచి మీటర్ల లెక్కన కోసిచ్చాడు, మీటరు 12 రూపాయలు. చవగ్గా వచ్చిందని సంబరపడ్డాను. మెట్ల పక్కన పైపులోంచి లాగి, రెండు వైపులా జాకులు క్రింప్ చేశాను: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, బ్రౌన్ తెలుపు, బ్రౌన్. ఈ వరస ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా ఎక్కాలప్పగించినట్టు చెప్తాను, ఎందుకంటే ఆ వారంలో ఆ జాకుని ఏడుసార్లు మార్చాను. కాసేపు నడుస్తుంది, లాన్ పోర్టు దగ్గర లైటు ఆరిపోతుంది, నాన్న తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది, పైనుంచి నేను దిగొచ్చి జాకు కదిపితే మళ్ళీ వస్తుంది. అమ్మ ఊడ్చినప్పుడు చీపురు తగిలితే పోతుంది. టెస్టర్ పెడితే మూడో లైటు మినుకుమినుకు. పాత పెట్టెలోది 100 ఎంబీపీఎస్ పోర్టు, దానికి ఎనిమిది తీగల్లో నాలుగే పని: నారింజ జతా, ఆకుపచ్చ జతా. నీలం, బ్రౌన్ తెగినా దానికి చీమ కుట్టినట్టుండదు. నా ఖర్మకి తెగింది ఆకుపచ్చ తెలుపే.

అనుమానం వచ్చి మిగిలిన ముక్క తీసుకుని లోపలి తీగని బ్లేడుతో గీకాను. పైపైన ఎర్రగా మెరుస్తోంది, రెండుసార్లు గీకేసరికి లోపల తెల్లగా, వెండి రంగులో బయటపడింది. అల్యూమినియం. పైన రాగి పూత. సీసీఏ అంటారు దీన్ని. రెండు వేళ్ళతో నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే పుల్లలా విరిగిపోయింది. షాపుకి పట్టుకెళ్ళి చూపిస్తే ఆయన తొణకలేదు, "క్యాట్ సిక్స్ అంటే ఇదేనండి, అందరూ ఇదే పట్టుకెళ్తారు" అన్నాడు. నేను రాగి కావాలని అడగలేదట. అది మాత్రం నిజమే, అడగలేదు. వేరే చోట మీటరు 26 పెట్టి అసలు రాగిది తెచ్చాను, అక్కడే కౌంటర్ మీద బ్లేడు అడిగి గీకి చూసుకునే తెచ్చాను, ఆయన నవ్వాడు గానీ ఏమీ అనుకోలేదు. అది వేసి నాలుగు నెలలు దాటింది, ఒక్కసారి కూడా లైటు ఆరలేదు. రాగి క్యాట్ 5ఈ అయినా 100 మీటర్ల దాకా వస్తుంది, ఇంట్లోకి అంతకన్నా ఏమక్కర్లేదు. రంగు చూసి మోసపోకండి, గీకి చూడండి.

వైఫై ఎందుకొద్దన్నానో కూడా చెప్తాను. వైరు తెగిన ఆ వారంలో ఒక యూఎస్‌బీ వైఫై పుల్ల పెట్టి చూశాను, బూట్ కోసం పెన్‌డ్రైవ్‌లో చిన్న లైనక్స్ వేసి, ఎందుకంటే పీఎక్స్‌ఈ బూట్, అంటే నెట్‌వర్క్ మీదనుంచి బూట్ అవడం, ఆ వైఫై పుల్ల మీద కాదు. మామూలుగా బ్రౌజింగ్‌కి ఏ లోటూ లేని సిగ్నలే. కానీ థిన్ క్లయింట్‌లో మనం నొక్కిన అక్షరం పైకి వెళ్ళి, అక్కడ తెర మీద పడి, ఆ బొమ్మ కిందకి రావాలి. మధ్యలో వైఫై ఓ పావు సెకను గుటక మింగితే అక్షరం ఆలస్యంగా పడుతుంది, నాన్న ఇంకోసారి నొక్కుతారు, రెండు పడతాయి, బ్యాక్‌స్పేస్ కొడతారు, మూడు పోతాయి. "ఏట్రా ఇది, నేనొకటి కొడితే అదొకటి రాస్తోంది" అని ఆ వారమంతా ఒకటే చికాకు. వెబ్ పేజీ ఆలస్యమైతే మనిషి ఓర్చుకుంటాడు, తను కొట్టిన అక్షరం ఆలస్యమైతే ఓర్చుకోలేడు.

దీనిమీద నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఒక సాయంత్రం. నాన్న పొలం కౌలు లెక్కలు తెలుగులో టైపు చేస్తున్నారు, లిబ్రే ఆఫీసులో, రెండు పేజీలు అయ్యాయి, సేవ్ చెయ్యలేదు. ఆయన ఎప్పుడూ చెయ్యరు. గాలీ వానా మొదలై కరెంటు పోయింది. ఇన్వర్టర్ లైను నా గదికీ, ఫ్యాన్లకీ ఉంది గానీ కింద కంప్యూటర్‌కి లేదు. కింద చీకట్లోంచి ఒక్క కేక: "ఒరే, రాసిందంతా పోనాదిరా!" నేనేమీ మాట్లాడలేదు. నలభై నిమిషాలకి కరెంటు వచ్చింది. ఆయన విసుక్కుంటూనే పవర్ నొక్కారు, లాగిన్ అయ్యారు. అదే ఫైలు, అదే పేజీ, "మూడు బస్తాలు బాకీ" అన్న చోట కర్సర్ కొట్టుకుంటోంది. ఎందుకంటే ఆగిపోయింది కిటికీ మాత్రమే, గది పైన అలాగే ఉంది. నాన్న కళ్ళజోడు సవరించుకుని, ఒకసారి తెర వైపూ ఒకసారి మెట్ల వైపూ చూసి, "మూడు కాదు, రెండున్నర" అని దిద్దుకుని మిగతాది రాసుకున్నారు. నాకు దక్కిన మెచ్చుకోలు అదే.

తెలుగు టైపింగ్ సంగతి వచ్చింది కాబట్టి. కీబోర్డు లేఔట్ మార్చే మామూలు పద్ధతి రిమోట్ సెషన్లో నా దగ్గర సరిగ్గా కుదరలేదు, ఒకసారి తెలుగు వస్తే ఒకసారి రాదు. ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాము పెట్టి అందులో ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకున్నాక దారికొచ్చింది, ఆ స్టిక్కర్ల అక్షరాలే తెర మీద పడుతున్నాయి.

ఇక లోపాలు, చిన్నవి కాదు.

వీడియో. ఆ చదరపు మానిటర్ 1280 బై 1024. చుక్కకి 24 బిట్లు, సెకనుకి 30 బొమ్మలు లెక్కేస్తే సెకనుకి 94 కోట్ల బిట్లు, అంటే 940 ఎంబీపీఎస్ పైమాటే. మన పాత పోర్టు 100. కుదించి పంపుతుంది కాబట్టే అసలు పని జరుగుతోంది, మారని చోట్లు పంపదు కాబట్టే టైపింగూ బ్రౌజింగూ హాయిగా ఉన్నాయి. నిండు తెర వీడియో అంటే ప్రతి చుక్కా మారుతూనే ఉంటుంది, అక్కడ దొరికిపోతుంది. చిన్న కిటికీలో వార్తలు చూడొచ్చు, మాట ఒకవైపు పెదవులు ఒకవైపు అన్నట్టుంటుంది. సినిమా చూసే పనైతే దీని జోలికి రావద్దు. సిరిమాను పండక్కి మా అప్ప పిల్లలు వచ్చినప్పుడు ఆటలు పెట్టమని ఒకటే గొడవ, కార్ల రేసు ఒకటి పెట్టిస్తే కారు ఆగి ఆగి గెంతుకుంటూ వెళ్ళింది, చిన్నాడు "మావయ్యా, దీనికి పెట్రోలైపోయిందేటి" అన్నాడు. అయితే పిల్లలకి వేరే యూజర్ ఇచ్చాను కాబట్టి నాన్న కౌలు లెక్కల జోలికి ఎవరూ వెళ్ళలేకపోయారు, అది వేరే సుఖం.

పెన్‌డ్రైవ్. కింద పెట్టెకి గుచ్చితే పైన సెషన్లో కనబడదు, ఫ్రీఆర్‌డీపీకి విడిగా చెప్పి ఆ డ్రైవ్‌ని పంచాలి. ఒకసారి చేస్తే చాలు, కానీ చెయ్యకపోతే నాన్న పెన్‌డ్రైవ్ పాడైపోయిందనుకుని ఇంకోటి కొనుక్కొచ్చారు. ప్రింటర్ మాత్రం పైన నా మెషీన్‌కే ఉంది కాబట్టి గొడవే లేదు, కింద నొక్కితే పైన కాగితం వస్తుంది, తెచ్చిపెట్టేవాడిని నేనున్నాను.

నల్ల తెర. ఒకసారి నాన్న పైకొచ్చి నా మెషీన్లోనే ఆయన పేరుతో లాగిన్ అయి ఏదో ప్రింట్ తీసుకున్నారు, లాగౌట్ అవలేదు. కిందకెళ్ళి లాగిన్ అయితే పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఆ తర్వాత నల్లటి తెర, అంతే. ఒకే యూజర్ ఒకే మెషీన్లో రెండు చోట్ల డెస్క్‌టాప్ తెరిస్తే ఎక్స్‌ఆర్‌డీపీ తికమకపడుతుంది. పైన లాగౌట్ చెయ్యగానే కింద తెల్లవారింది. దీనికోసం నేను గంటన్నర లాగ్ ఫైళ్ళు తిరగేశాను, మీకా శ్రమ వద్దని చెప్తున్నాను.

ఇంకోటి, దీన్ని లోపం అనాలో స్వభావం అనాలో. పైన మెషీన్ ఆఫ్‌లో ఉంటే కింద పెట్టె ఇటుకరాయితో సమానం. నేను వారంలో మూడు రోజులు విశాఖ వెళ్ళొస్తాను, మొదట్లో రైలెక్కాక ఫోను: "నీ కంప్యూటర్ ఆన్ చెయ్యకుండా పోయావా?" బయోస్‌లో రోజూ పొద్దున్న 6 గంటలకి దానంతటదే ఆన్ అయ్యేట్టు పెట్టాక ఆ ఫోన్లు ఆగాయి. పైన కొత్త సాఫ్ట్‌వేర్ వేసినప్పుడల్లా కింద కోసం ఇమేజి మళ్ళీ కట్టాలన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి, అయితే నా అమరికలో కిందకి కావల్సింది బూట్ అవడమే కాబట్టి నేను రెండు నెలలకోసారి చేస్తున్నాను, అంతకు మించి ఓపిక లేదు.

కరెంటు లెక్క అడిగేవాళ్ళుంటారు. ఈ5200 చిప్పు రేటింగే 65 వాట్లు. పెట్టె మొత్తం 80 వాట్లు అనుకుని రోజుకి నాలుగు గంటలు వేస్తే నెలకి తొమ్మిదిన్నర యూనిట్లు, మానిటర్ కాకుండా. పైన మెషీన్ రోజంతా ఆన్‌లో ఉండే ఖర్చు దీనికి అదనం. ఇదే పని రాస్‌ప్బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్‌తో చేస్తే దానికిచ్చే అడాప్టరే 15 వాట్లది, చప్పుడు చేసే ఫ్యాను ఉండదు, మానిటర్ వెనక అంటించేయొచ్చు. కాబట్టి మీ దగ్గర పాత పెట్టె లేకపోతే ఇందుకోసం పాత పెట్టె కొనకండి, కంపెనీలు వదిలించుకునే సెకండ్‌హ్యాండ్ థిన్ క్లయింట్లు చిన్న టిఫిన్ బాక్సంత ఉంటాయి, అవి చూడండి. ఉన్నదాన్ని వాడుకోవడానికైతే ఇది సరైన దారి. నాకు మొత్తం అయిన ఖర్చు బ్యాటరీకి 40, పనికిరాని వైరుకి 240, పనికొచ్చిన వైరుకి 520, జాకులకి ఓ వంద. టైము లెక్క వెయ్యలేదు, వేస్తే అమ్మ ముందు తలెత్తుకోలేను.

మార్కులు ఇమ్మంటే ఎల్‌టీఎస్‌పీకి 5కి 4, నాకు కావల్సిన పని అది ఒక్కటే చెయ్యకపోయినా చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఎక్స్‌ఆర్‌డీపీకి మూడున్నర, అందులో అర మార్కు ఆ కరెంటు పోయిన సాయంత్రానిది. మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానంటే సౌండు. డెబియన్ 12లో ఎక్స్‌ఆర్‌డీపీ వేస్తే సౌండు దానంతటది రాదు, దాని మాడ్యూల్ విడిగా కంపైల్ చేసుకోవాలి. రెండు ఆదివారాలు కూర్చున్నాను, ఒకసారి వచ్చింది, గరగరమంటూ, మర్నాటికి పోయింది. నాన్న నన్నింక అడగడం మానేశారు. పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి, పక్కన ఫోన్లో సుప్రభాతం పెట్టుకుని, ఆ రెండూ ఒకటే అన్నట్టు పేపరు చదువుకుంటున్నారు.